నిలబడితే ఆకలి

"మామా, నేనేం చెయ్యలే. ఊకె నిలవడ్డ. ఎట్ల సచ్చిన?"

దసరాకు అమ్రాబాద్ వచ్చిన మా అక్క కొడుకు అడిగిన మాట ఇది. అటక మీది పాత వీడియో గేమ్ దించి, క్యాసెట్ అడుగున రెండుసార్లు ఊది పెట్టి, అడ్వెంచర్ ఐలాండ్ వాడి చేతికిచ్చాను. వాడు ఆ చెట్లనూ నీలాకాశాన్నీ చూస్తూ కాసేపు ఆగాడు. తెర పైభాగాన ఉన్న సన్నటి గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. నత్త తాకలేదు, నిప్పు అంటలేదు. ఆకలితోనే ప్రాణం పోయింది.

ఈ ఆట పనితనం ఆ చావులోనే ఉంది. ఇది రావడానికి ముందు ఏడాది, 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లోనూ గడియారం ఉంది. కానీ అది అంకెల రూపంలో ఎక్కడో మూలన తన మానాన తాను తిరుగుతుంది, చివరి నిమిషం దాకా దాని సంగతి గుర్తుకురాదు. ఇక్కడ గడియారమూ కడుపూ ఒకటే. నడిచినా, నిలబడినా గీతలు తరుగుతాయి. దారిలో పండు తింటే పెరుగుతాయి. రాయి తగిలి తూలిపడితే చావు రాదు గానీ కొన్ని గీతలు పోతాయి. కాలం, తిండి, దెబ్బ, మూడింటినీ ఒకే గీతల వరుసలో కట్టేశాడు ఆట రూపకర్త. ఆటగాడికి లెక్కలు చెప్పే పనే లేదు.

నల్లమల అంచున పెరిగినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మన్ననూరు వైపు అడవిలోకి పోయినప్పుడు సద్దిమూట కన్నా దారిలో దొరికేదే ఎక్కువ తినేవాళ్లం: తునికిపండ్లు, మొర్రిపండ్లు, కాలం వస్తే సీతాఫలాలు. పండున్న చోటికి కాళ్లు వాటంతటవే తిరిగేవి. ఆటలోనూ అంతే. ఎక్కడ ఎగరాలో బాణం గుర్తు ఉండదు. పండు గాల్లో వేలాడుతుంది, దాని కోసం ఎగిరితే కింద ఉన్న మంట దాటిపోతుంది. ఆశ చూపిస్తూనే ఆట నేర్పిస్తుంది.

మొదట కనిపించే గుడ్డులో రాతి గొడ్డలి ఉంటుంది. దాన్ని విసిరితే తిన్నగా పోదు, వంపు తిరిగి నేలకు దిగుతుంది. కాబట్టి నత్తకు మరీ దగ్గరైతే ప్రమాదం, మరీ దూరమైతే దండగ. మనకు తెలియకుండానే చేతికి ఆ కొలత పట్టుబడుతుంది. ఇంకా చక్కని సంగతి, గొడ్డలి విసిరే బటనే పరుగు బటన్ కూడా. పరుగు మీద ఎగిరితే దూరం ఎక్కువ, కానీ ఆగడం కష్టం. ఆకలి తొందరపెడుతుంది, తొందర పడితే మంటలో పడతాం. ఈ రెంటి నడుమ లాగులాటే ఆటంతా.

దాన్ని చివరి అంచుకు తీసుకుపోయేది స్కేట్‌బోర్డు. ఎక్కామా, ఇక ఆగడం ఉండదు. నెమ్మదించవచ్చు, అంతే. బదులుగా ఒక దెబ్బ కాస్తుంది. వరమో శాపమో తేల్చుకోలేక దాని గుడ్డు ముందు చాలాసార్లు తటపటాయించాను, ఆ తటపటాయింపులోనూ గీతలు పోయేవి.

వంకాయ సంగతి వేరే చెప్పాలి. మన ఇళ్లల్లో కూరలకు రాజైన వంకాయ ఇక్కడ గుడ్డులోంచి వచ్చి మీద పడి గీతలు గబగబా తినేస్తుంది. గుత్తివంకాయ కూర తినే పిల్లలం, తెర మీద వంకాయ చూసి కేకలు పెట్టేవాళ్లం.

ఆట పుట్టుక కూడా విచిత్రమే. జపాన్‌లో ఎస్కేప్ అనే చిన్న కంపెనీ 1986లో వండర్ బాయ్ అనే ఆర్కేడ్ ఆట చేసింది. ఆ పేరు, ఆ వీరుడు సెగా కంపెనీవి. అందుకని హడ్సన్ సాఫ్ట్ అనే మరో కంపెనీ అదే ఆటను అదే ఏడాది నింటెండో ఫామికామ్‌కు తెస్తూ వీరుణ్ని మార్చింది. తన ఉద్యోగినే అందులో పెట్టింది. ఆ ఉద్యోగి తకహాషి మేయిజిన్ సెకనుకు 16 సార్లు బటన్ నొక్కగలడని జపాన్ పిల్లల్లో పెద్ద పేరు. మిగతా దేశాల్లో ఆయనే మాస్టర్ హిగ్గిన్స్. తెల్లటోపీ, ఆకుల లంగా చూసి మా గల్లీలో మాత్రం ఆయన 'గొడ్డలోడు'. 1994లో వచ్చిన నాలుగో భాగం జపాన్‌లో ఫామికామ్‌కు అధికారికంగా వచ్చిన చివరి ఆట. హడ్సన్ 2012లో కొనామిలో కలిసిపోయింది.

లోపం లేదనను. 8 ఏరియాలు, ఒక్కోదానికి 4 రౌండ్లు. అదే అడవి, అదే గుహ మళ్లీ మళ్లీ వస్తాయి. ఏరియా చివరి రాక్షసుడికి తల మారుతుంది, ఒళ్లు అదే. కానీ మాకు అది పట్టలేదు. ఎంత దూరం పోయామన్నది దాచుకునే వీలు ఈ ఆటలో లేదు, కరెంటు పోతే మళ్లీ మొదటి అడవే. ఆ అడవిలో ఏ రాయి ఎక్కడుందో మాకు కంఠోపాఠం. మొదటి రౌండు చివర దాగి ఉన్న తేనెటీగను పట్టుకుంటే చచ్చాక కూడా కొనసాగించవచ్చన్న రహస్యం అచ్చంపేట నుంచి వచ్చిన ఒక పిల్లాడు చెప్పేదాకా మాకు తెలియదు.

ఆ తేనెటీగ చోటు అల్లుడికి చూపించాను. ఈసారి వాడు ఎక్కడా ఆగలేదు. గుహ రౌండులో ఉండగా వంటింట్లోంచి అక్క అన్నానికి పిలిచింది. గీతలు మూడే ఉన్నాయి, ముందు ఒక అరటిపండు కనిపిస్తోంది. వాడు లేవలేదు.