నడిపేవాళ్లు ఎక్కడ కూర్చుంటారు

పి.వి. సతీష్ దూరదర్శన్ నుంచి వచ్చిన మనిషి. మైసూరులో పుట్టారు, జర్నలిజం చదివారు, పల్లెల కోసం టీవీ కార్యక్రమాలు తీస్తూ చాలా ఏళ్లు గడిపారు. 1983లో మిత్రులతో కలిసి జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టారు. దాని సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు, కూలికి పోయేవాళ్లు, బడి మొహం చూడనివాళ్లు. కొన్నేళ్లు గడిచాక వాళ్లలో కొందరి చేతికి వీడియో కెమెరా వచ్చింది.

స్వచ్ఛంద సంస్థల్ని నడపడం గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు ఈ కెమెరానే గుర్తొస్తుంది. మనకు రాని పనిని ఇతరులకు వదిలేయడం ఏమంత గొప్ప కాదు. నాగలి పట్టడం నాకు రాదు కనుక సేద్యం సంగతి మీరే చూసుకోండమ్మా అనడం సులువు. అన్నం పెట్టిన విద్యను, నలుగురిలో పేరు తెచ్చిన విద్యను తీసుకెళ్లి వాళ్ల చేతుల్లో పెట్టి, ఫ్రేము వంకరపోతున్నా చెయ్యి అడ్డం పెట్టకుండా పక్కన నిలబడటం వేరు. చాలామంది నాయకులు పొలాలు, బావులు, బ్యాంకు పాసుపుస్తకాలు జనానికి అప్పగిస్తారు. మైకు మాత్రం తమ దగ్గరే ఉంచుకుంటారు.

ఆ ఆడవాళ్లు కెమెరాతో పెళ్లిళ్లు తీయలేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక వరంగల్ జిల్లా రైతుల చేలకు వెళ్లి, వాళ్ల గోడు వాళ్ల నోటితోనే చెప్పించి సినిమా తీశారు. దాన్ని విదేశాల్లోనూ చూపించారు. మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెట్టి తీసే షాటుకు వాళ్లు పెట్టుకున్న పేరు సంఘం షాట్. రేడియో కథ ఇంకా పొడుగు. లైసెన్సు రాకముందే ఏళ్ల తరబడి కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ టేపుల్నే సంఘాల్లో వినిపించుకుంటూ ఓపిగ్గా ఉన్నారు. 2006లో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకూ సామాజిక రేడియో పెట్టుకునే వీలు ఇచ్చింది. 2008 అక్టోబరు 15న మాచునూర్‌లో సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. తలుపు ఎప్పుడు తెరుస్తారో తెలియకుండా అన్నేళ్లు టేపులు నింపుతూ కూర్చోవడం జీతగాళ్ల వల్ల అయ్యే పని కాదు. అది తమదేనని నమ్మినవాళ్లే చేయగలరు. ఆ నమ్మకం కలిగేదాకా ఆగడమే అక్కడ నాయకుడి పని.

ఇదంతా జొన్న చుట్టూ జరిగిందని మరచిపోకూడదు. సంస్థ మొదలైన 1983లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం కూడా మొదలైంది. ఆకలి తీర్చిన పథకం, దాన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కానీ జహీరాబాద్ ఎర్ర చెలకల్లో పండేది వరి కాదు. జొన్న, కొర్ర, సామ, తైద, సజ్జ, వాటి సాళ్ల మధ్య కంది, అనుము, కుసుమ, గట్టు మీద గోగు. చవకబియ్యం ఇంటికొచ్చాక ఆ చెలక దున్నాల్సిన అవసరం తగ్గింది. పేదవాడి భూమి పడావు పడింది, పేదవాడు మాత్రం రేషన్ షాపు లైన్లో నిలబడ్డాడు.

తొంభైల మధ్యలో సంఘాలు దీనికి చేసిన ఉపాయం ఇది. పడావు భూమి దున్నించుకునేందుకు రైతుకు అప్పు. తీర్చాల్సింది డబ్బుతో కాదు, జొన్నలతో. ఆ జొన్నలు ఊళ్లోనే దాచి, చేతిలో పనీ ఇంట్లో గింజా లేని నెలల్లో తక్కువ ధరకు పేదిళ్లకు ఇవ్వాలి. ఎవరు పేద, ఎవరు మరీ పేద అన్న జాబితా మండలాఫీసు వేయలేదు. నేల మీద ఊరి పటం గీసి సంఘం ఆడవాళ్లే వేశారు. ఎవరింట్లో పొయ్యి ఏ పూట వెలగలేదో వాళ్లకు తెలిసినట్టు ఏ గణకుడికి తెలుస్తుంది? పెట్టుబడి ఢిల్లీలోని గ్రామీణాభివృద్ధి శాఖది.

ఇక్కడ నాయకుడు ఏం చేశాడని అడిగితే, గడప మీద కూర్చున్నాడని చెప్పాలి. ఢిల్లీ అధికారికి అర్థమయ్యే భాషలో కాగితం రాయాలి. ఆ కాగితం అడిగే లెక్కలు, గడువులు, ఫారాలు ఊరి నెత్తిన పడకుండా తనే మోయాలి. ఇంగ్లీషు వచ్చిన మనిషి ఊళ్లో ఉంటే ఆయనే యజమాని అయిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కాగితం ఆయన చేతిలో ఉంటుంది, కాగితం ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్లదే అనుకుంటాం. దాన్ని దాటాలంటే కాగితం రాసిన చెయ్యి జాబితా రాయకూడదు. వినడానికి చిన్న నియమమే. దాన్ని పాటించే సంస్థలు నేను చూసినవాటిలో తక్కువ.

నాకొక అలవాటుంది. ఏ సంస్థకు వెళ్లినా రంగుల వార్షిక నివేదిక సంచిలో వేసుకుని, తీర్మానాల పుస్తకం చూపిస్తారా అని అడుగుతాను. కొందరు చూపిస్తారు, కొందరికి నేను ఆదాయపన్ను మనిషినేమో అని అనుమానం. పేజీ పేజీకీ 'అధ్యక్షులవారు ప్రతిపాదించగా సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని ఉంటే ఆ పుస్తకం మూసేస్తాను. అదంతా ఒకే రోజు ఒకే పెన్నుతో రాసి ఉంటుంది. పేర్లు చెప్పనుగానీ, ఒక ఊరి సంఘం పుస్తకంలో చూసిన పేజీ మాత్రం మంచిది. బోరు గుడి దగ్గర వెయ్యాలా, కాలనీ దగ్గర వెయ్యాలా అని పెద్ద చర్చ. ఎవరెవరు ఏమన్నారో పేర్లతో సహా రాశారు. కింద 'నిర్ణయం కాలేదు, మళ్లీ కూర్చోవాలి' అని ఉంది. కొన్ని పేజీల తర్వాత కాలనీ దగ్గర వేయాలని తేలింది. సంస్థ డైరెక్టరు పేరు హాజరు పట్టికలో అందరికన్నా కింద ఉంది.

"ఆ రోజు సారు ఏమన్నడమ్మా?" అని అక్కడున్న పెద్దామెను అడిగాను.

"సారేమంటడు బిడ్డా, చాయ్ తాగి ఊకున్నడు."

ఈ జవాబు విని మురిసిపోవడం తేలిక. కానీ తర్వాత తెలిసిందేమిటంటే, నీళ్లు ఎక్కడ పడే అవకాశం ఉందో చెప్పే సర్వే కాగితం ఆయన ముందుగానే చాప మీద పెట్టి, అందులో ఏముందో తెలుగులో చదివి వినిపించి, ఆ తర్వాతే ఊరుకున్నారు. తెలిసింది దాచుకుని మౌనంగా ఉండటం ఇంకో రకం పెత్తనం. జనమే నిర్ణయించాలి అంటూ అసలు సమాచారం జేబులో పెట్టుకుని కూర్చునే నాయకుల్ని కూడా చూశాను. వాళ్లకు చివర్లో 'నేను ముందే అనుకున్నాను' అనే అవకాశం మిగులుతుంది, అంతే. పైగా ఊరికే ఉండకూడని సందర్భాలూ ఉంటాయి. కాలనీకి నీళ్లు వద్దు, వాళ్లు వచ్చే ఏడాది చూసుకుంటారులే అని మెజారిటీ అనేస్తే, అక్కడ నోరు మూసుకున్నవాణ్ణి వినయవంతుడు అనలేం. ఎప్పుడు ఊరుకోవాలో, ఎప్పుడు అడ్డుపడాలో శిక్షణ తరగతుల్లో పవర్‌పాయింట్ పెట్టి నేర్పుతున్నారు. నేర్చుకుని వచ్చినవాళ్లెవరూ నాకింకా తగల్లేదు.

ఇక నన్ను ఇబ్బంది పెట్టే విషయానికి వస్తాను, స్థాపకుడు పోయాక సంస్థ సంగతి. సతీష్ 2023 మార్చి 19న హైదరాబాద్‌లో కన్నుమూశారు. అది ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం. సరిగ్గా ముందురోజే ఢిల్లీలో ప్రధానమంత్రి చిరుధాన్యాల ప్రపంచ సదస్సు ప్రారంభించారు. నలభై ఏళ్లు పస్తాపూర్‌లో చెప్పిన మాట ఢిల్లీ వేదిక ఎక్కిన మర్నాడు ఆయన లేరు. ఇంకో నలభై ఏళ్ల కథ అనంతపురంలో ఉంది. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) పెట్టారు. 2009 జూన్‌లో పోయేదాకా ఆ జిల్లాకు ఆయనే ముఖం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా కురవని చోట చెరువులు, ఇళ్లు, బడులు, బత్తలపల్లిలో ఆసుపత్రి. ఎన్నో ఇళ్లలో దేవుడి పటాల పక్కన ఆయన పటం ఉంటుంది.

రెండు చోట్లా స్థాపకుడు చివరి శ్వాసదాకా ఉన్నాడు. దీన్ని తప్పనాలా? ఒకవైపు, దాతలు సంస్థకు డబ్బివ్వరు, మనిషికిస్తారు. బార్సిలోనాలో ఒక కుటుంబం ప్రతి నెలా పంపే సొమ్ము వెనక ఫెర్రర్ ముఖం ఉంది, అది లేకపోతే ఆసుపత్రి లేదు. మరోవైపు, పటం దేవుడి గూట్లోకి వెళ్లాక ఆ మనిషి నిర్ణయాన్ని ఎవరు ప్రశ్నిస్తారు? ఆయన తర్వాత భార్య అన్నె ఫెర్రర్, కొడుకు మాంచో నడిపించారు, పని ఆగలేదు. పనిచేసేవాళ్లలో అత్యధికులు ఆ జిల్లావాళ్లే కావడం వల్ల ఆగలేదని నా అంచనా. మంచి వారసులు దొరకడం అదృష్టం. ఒక సంస్థ అదృష్టం మీద నడవకూడదని నాలోని చాదస్తం అంటుంది.

ఆ చాదస్తానికి జవాబు వరంగల్, కరీంనగర్ ఊళ్లలో కొంత దొరికింది. సహకార వికాస సంస్థ నాయకులు, ముఖ్యంగా ఎం. రామారెడ్డి, తొంభైల నుంచి అక్కడ పొదుపు సంఘాలు పెట్టించారు. ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు. నియమం ఒకటే. బయటి డబ్బు రాకూడదు, సభ్యులు దాచుకున్నదే సభ్యులకు అప్పు. సంస్థ చేతికి పంచడానికి డబ్బే లేకుండా చేసుకున్నారు. పంచేవాడు లేనప్పుడు దండం పెట్టాల్సినవాడూ ఉండడు. 1964 నాటి సహకార చట్టం కింద ప్రభుత్వం ఎప్పుడైనా పాలకవర్గాన్ని తీసేసి తన మనిషిని కూర్చోబెట్టేది. దాని మీద ఏళ్ల తరబడి కొట్లాడితే 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటా లేదు, కాబట్టి ప్రభుత్వ జోక్యమూ లేదు. దేశంలో అలాంటి చట్టాల్లో అదే మొదటిది. ఆ చట్టం కిందే 2002లో ముల్కనూరులో మహిళల పాల డెయిరీ మొదలైంది. స్వకృషి అని దాని పేరు. పాలు పోసేవాళ్లూ, పాలకవర్గంలో కూర్చునేవాళ్లూ ఆడవాళ్లే.

సుస్థిర అభివృద్ధి పేరుతో పనిచేసే నాయకుల్లో నాకు ఎక్కువ గౌరవం ఈ చట్టం కోసం సచివాలయం మెట్లెక్కి దిగినవాళ్ల మీదే. పొలంలో ఫోటో దిగడానికి అందరూ వస్తారు. సెక్షన్లు, ఉపసెక్షన్లు పట్టుకుని ఏళ్లకేళ్లు కూర్చోవడానికి ఎవరూ రారు. పైగా దాని ఫలితంలో వాళ్ల పేరు కనపడదు. స్వకృషి పాల ప్యాకెట్ మీద రామారెడ్డి బొమ్మ లేదు. అయితే ఇది అన్ని చోట్లా పనికొస్తుందని అనను. దాచుకోవడానికి చేతిలో ఏమీ లేని పడావు చెలక ఆడమనిషికి ముందు ఎవరో ఒకరు అప్పు ఇవ్వాలి. పస్తాపూర్‌లో ఢిల్లీ డబ్బు లేకపోతే ఆ జొన్నలు పండేవి కావు.

ఇప్పుడు సంస్థలు నడుపుతున్న ముప్పై, నలభై ఏళ్ల వాళ్లతో మాట్లాడితే ఈ చర్చంతా వాళ్లకు విలాసంగా కనిపిస్తోంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఒక సంస్థ తన విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడం నిషేధం. పెద్ద సంస్థ నుంచి కాస్త డబ్బు తీసుకుని రెండు మూడు మండలాల్లో పనిచేసే చిన్న సొసైటీలు దీంతో ఎండిపోయాయి. విరాళాలు దుర్వినియోగం కాకూడదన్న ఉద్దేశాన్ని కాదనను. కానీ చెక్‌డ్యామ్ కడితే అది కార్యక్రమం, చెక్‌డ్యామ్ ఎక్కడ కట్టాలో తేల్చుకునేందుకు రాత్రిళ్లు చాప మీద కూర్చుంటే అది ఏ ఖర్చు?

నేను కార్యవర్గంలో ఉన్న ఒక చిన్న సొసైటీలో మొన్న ఆడిటర్ ఇదే అడిగారు. సంఘాల సమావేశాలు రాత్రి ఎనిమిది దాటాకే, కూలి పని ముగించి వంట చేసుకుని వస్తారు కాబట్టి. తిరిగొచ్చేటప్పుడు బస్సు ఉండదు, మా కార్యకర్త ఆటో మాట్లాడుకుంటుంది. బిల్లు ఉండదు, చిన్న చీటీ ఉంటుంది. "ఇన్నిసార్లు వెళ్లి ఏం నిర్ణయించారు?" అన్నారాయన. ఇంకా నిర్ణయం కాలేదని ఆమె చెప్పింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, చీటీలన్నీ పిన్ను చేసి, 'ఇతరములు' పద్దు కింద వేసుకున్నారు. వచ్చే ఏడాది ఆ పద్దు తగ్గించమని కూడా చెప్పారు.