సంత చెప్పుకొను మెదడు: ఒక విమర్శ

కోనసీమలో వేదపాఠము "సంత"తో మొదలగును. గురువు ఒక చిన్న తునకను ఒకమారు పలుకును. శిష్యుడు దానిని రెండుమారులు తిరిగి పలుకును. అట్లు ఏబది పదములకు ఒక పనస చొప్పున సంహిత యంతయు కంఠమున చేరును. ఇక్కడి వైదిక కుటుంబములను గూర్చి డేవిడ్ నైప్ అను అమెరికా పండితుడు 2015లో ఒక గ్రంథమునే ప్రచురించినాడు. మరుసటి యేడు వెలువడిన వేరొక పరిశోధనను పట్టుకొని, కంఠస్థము చేసినచో మెదడు పెరుగునని కొందరు చెప్పుచున్నారు. నా విమర్శ ఆ మాటపైననే.

జేమ్స్ హార్ట్‌జెల్, ఆయన సహచరులు 2016లో 21 మంది వేదపండితుల మెదళ్లను 21 మంది ఇతరుల మెదళ్లతో పోల్చిరి. పండితులలో కణతల ప్రక్కనుండు భాగములందును, జ్ఞాపకమునకు ముఖ్యమైన హిప్పోకాంపస్ నందును ధూసరపదార్థము అధికముగా కనిపించినది. పరిశోధన శ్రద్ధతో చేసినదే. కాని ఆ పండితులను బాల్యమున, పాఠము మొదలిడక ముందు, ఎవరును కొలువలేదు. చదువువలన మెదడు మారినదా? అట్టి మెదడు కలవారే కడవరకు చదువులో నిలిచిరా? ఈ ఒక్క కొలత తేల్చలేదు. లండను టాక్సీ డ్రైవర్ల విషయమున వుల్లెట్, మెగ్వైర్ అనువారు 2011లో శిక్షణకు ముందును తరువాతను కొలిచి ఈ చిక్కును విప్పిరి. పైగా హార్ట్‌జెల్ పరీక్షించినవారు శుక్లయజుర్వేదులు; కోనసీమలో ప్రధానముగా వినవచ్చునది కృష్ణయజుర్వేదపు తైత్తిరీయశాఖ.

ఇంతకంటె పెద్ద పొరపాటు మరియొకటి కలదు. ఏండ్ల తరబడి నిలుచు జ్ఞాపకము వేరు, విన్న ధ్వనిని తిరిగి పలుకువరకు పట్టియుంచు జ్ఞాపకము వేరు. రెండవదానిని కార్యస్మృతి యందము. బాడ్లీ, హిచ్ అనువారు 1974లో దీనికొక నమూనా నిచ్చిరి. విన్న ధ్వని కొద్ది సెకండ్లలో మాసిపోవును. మనము లోలోపల దానిని మరల పలుకుకొని నిలుపుకొందుము. అనగా ప్రతివాని మెదడులోను ఒక చిన్న సంత నడచుచునే యున్నది! ఈ రెండు జ్ఞాపకములు వేరనుటకు రోగులే సాక్షులు. షాలిస్, వారింగ్‌టన్ 1970లో వర్ణించిన రోగి రెండు మూడు అంకెలను కూడ విన్నవెంటనే సరిగా అప్పగించలేడు. అయినను క్రొత్త సంగతులు నేర్చి చాలకాలము గుర్తుంచుకొనగలడు.

ఈ లోపలి సంతలో పట్టునది ఎంత? సుమారు రెండు సెకండ్లలో పలుకగలిగినంత యని 1975లో బాడ్లీ మొదలగువారు లెక్కకట్టిరి. తరువాతివారు ఈ లెక్కపై ఆక్షేపణలు చెప్పిరి గాని, పొడుగు మాటలు తక్కువగా నిలుచునను అనుభవము పెక్కుచోట్ల కనబడినది. 1980లో ఎల్లిస్, హెన్నెలీ వెల్షు భాషలో అంకెలు పలుకుటకు ఇంగ్లీషులో కంటె ఎక్కువ కాలము పట్టుననియు, అందువలన తక్కువ అంకెలు జ్ఞాపకముండుననియు చూపిరి. మన అంకెలను చూడుడు. ఒకటినుండి తొమ్మిదివరకు ఏక్షరపదము ఒక్కటియు లేదు, ఎనిమిదికి నాలుగక్షరములు. ఇంగ్లీషులో ఏడు తప్ప తక్కినవన్నియు ఒక్క ఊదున పలుకవచ్చును. ఇంగ్లీషు పిల్లలకు కట్టిన పట్టికతో తెలుగు బాలుని జ్ఞాపకమును కొలిచి, తక్కువ వచ్చినదని వానిని మందబుద్ధి యనుట అన్యాయము కాదా?

మన తరగతులలో డిక్టేషను సంగతియు ఇట్టిదే. ఉపాధ్యాయుడు పది పన్నెండు మాటల వాక్యమును ఒక్క గుక్కలో చదువును. బాలుడు మొదటి మాటకు ఒత్తు పెట్టుచుండగానే కడపటి మాటలు జారిపోవును. వ్రాయుటకు చేయి పట్టు కాలముకూడ ఆ రెండు సెకండ్లలోనుండియే పోవుచున్నది. వానికి స్పెల్లింగు రాదని ఎర్రసిరా గీత పడును. సంత చెప్పు గురువు మాత్రము శిష్యుని నోట పట్టినంతకే తునకను త్రుంచును. పట్టకున్న ఇంకను చిన్నదిగా త్రుంచి మరల పలికించును.