కదలలేని సాక్షులు

రాజు చావుకేక రెండుసార్లు వినిపిస్తుంది. ట్రాయ్ గెలిచి ఇల్లు చేరిన అగమెమ్నాన్‌ను లోపల భార్యే నరుకుతోంది. వాకిట్లో ఆర్గోస్ ముసలిపెద్దలు, అంటే నాటకంలోని కోరస్. అంతదాకా ఒక్క గొంతుగా పాడినవాళ్ళు ఆ క్షణాన తలో మాటా అయిపోతారు. ఊరిని కేకేద్దామంటాడొకాయన. కాదు, ఇప్పుడే లోపలికి దూరి కత్తితో సహా పట్టుకుందామంటాడు ఇంకొకాయన. మాటలతో పోయినవాణ్ణి లేపలేం కదా అని మరొకాయన. అసలు రాజు పోయాడో లేదో ముందు తెలియాలిగా అని వేరొకాయన. మనిషికి రెండేసి పద్యపాదాలు. వాళ్ళు తేల్చుకునేలోపే తలుపులు తెరుచుకుంటాయి, అతని భార్య క్లైటెమ్నెస్ట్రా శవం దగ్గర నిలబడి ఉంటుంది.

క్రీ.పూ. 458లో ఈస్కిలస్ రాసిన ‘అగమెమ్నాన్’లోని ఈ ఘట్టం చదివాక, కోరస్ అంటే కథ మధ్యలో నీతులు పాడే గుంపు అని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. కీలకం వాళ్ళు చెప్పే నీతిలో లేదు. వచ్చినవాళ్ళు దాదాపు చివరిదాకా అక్కడే ఉండిపోవడంలో ఉంది. కుట్రలన్నీ వాళ్ళ కళ్ళెదుటే జరగాలి.

ఏథెన్స్‌లో వసంతకాలపు డయోనిసస్ ఉత్సవాల్లో ఇలాంటి నాటకాలు పోటీకి దిగేవి. కోరస్‌లో మొదట 12 మంది, వాళ్ళను 15 చేసింది సోఫోక్లిస్ అని చెబుతారు. అందరూ ముసుగులు తొడిగిన మగవాళ్ళే, నగర పౌరులే. వాళ్ళ తర్ఫీదుకూ దుస్తులకూ ఖర్చు ఒక సంపన్నుడి నెత్తిన పడేది. క్రీ.పూ. 472లో ‘పర్షియన్లు’ నాటకానికి ఆ ఖర్చు భరించినవాడు పెరిక్లిస్. జంట గొట్టాల ఔలోస్ వాద్యం ఊదుతుంటే పాడుతూ ఆడేవారు. ఒక చరణం నడిచిన ఛందస్సులోనే దాని జంట చరణమూ నడిచేది. నటులతో మాట్లాడాల్సి వస్తే నాయకుడొక్కడే మాట్లాడేవాడు. అదే ఉత్సవంలో డితిరాంబ్ అనే బృందగానాలకు ఏటా 500 మంది పురుషులు, 500 మంది బాలురు బరిలోకి దిగేవారు. అంటే చూసేవాళ్ళలో ఎందరికో ఆ పాట, ఆ అడుగు ఒంటికి తెలుసు.

క్రీ.పూ. 431 నాటి ‘మెడియా’లో యూరిపిడిస్ కోరస్‌ను కట్టిపడేసే ఈ పట్టును ఇంకా బిగించాడు. భర్త చేతిలో మోసపోయిన మెడియా తన పగ సంగతి బయటపెట్టొద్దని కొరింథ్ స్త్రీలను అడుగుతుంది. సాటి ఆడదాని బాధ కదా అని ఒప్పుకుంటారు. తన పిల్లల్నే చంపుతానన్నప్పుడు వద్దని బతిమాలతారు గానీ, ఇచ్చిన మాట దాటరు. చివరికి లోపలి నుంచి పిల్లల అరుపులు. వెళ్ళి ఆపుదామా అనుకుంటారు, కదలరు. జాలితో ఇచ్చిన మాటే వాళ్ళను నేరంలో భాగస్తుల్ని చేసింది. కోరస్‌ను తీసేసి ఈ నాటకం ఆడితే మెడియా మిగులుతుంది గానీ, ఆమెను అర్థం చేసుకుని కూడా ఆపలేకపోయిన ఊరు మిగలదు.

కోరస్‌ను నటుల్లో ఒకరిగా చూడాలన్నాడు అరిస్టాటిల్. ఏ నాటకంలోనైనా ఇమిడే పాటలు పెట్టే అలవాటు నాటకకర్త అగథాన్‌తో మొదలైందని తప్పుపట్టాడు. కోరస్ నటుల్లో ఒకరన్న మాట ఎంత నిజమో ఈస్కిలస్ ‘యుమెనిడిస్’ చూస్తే తెలుస్తుంది. అందులో కోరస్ ప్రతీకార దేవతలే. తల్లి క్లైటెమ్నెస్ట్రాను చంపిన ఒరెస్టిస్‌ను వేటాడతారు, న్యాయస్థానంలో వాదిస్తారు, ఓడి నగరాన్ని నాశనం చేస్తామంటారు. అప్పుడు అథీనా వాళ్ళకు ఏథెన్స్‌లో నివాసమూ పూజలూ ఇస్తానని, మళ్ళీ మళ్ళీ నచ్చజెప్పి ఒప్పిస్తుంది. ఒరెస్టిస్ అప్పటికే ఇంటిదారి పట్టాడు.