మెడికేర్ తర్వాత ఆసుపత్రులు: ఒక కొలత పనితనం

1965 జూలై 30న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మెడికేర్ చట్టంపై సంతకం చేశారు. మరుసటి ఏడాది జూలై నుంచి 65 ఏళ్లు నిండినవాళ్ల ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వ బీమా కిందికి వచ్చింది. ఆ తర్వాత ఆసుపత్రులు పెరిగాయి, ఖర్చూ పెరిగింది. అయితే అందులో చట్టం వాటా ఎంత? జనం ఆదాయాలు పెరుగుతున్న రోజులవి, వైద్యం ముందుకు సాగుతున్న రోజులవి. చట్టం రాకపోయినా కొంత పెరిగేదే. దేశమంతటా ఒకేసారి అమలైన చట్టాన్ని దేనితో పోల్చి చూడాలి?

ఈ చిక్కును ఎంఐటీ ఆర్థికవేత్త ఏమీ ఫింకెల్‌స్టైన్ విప్పారు. ఆమె వ్యాసం 2007లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో వచ్చింది. చట్టం అందరికీ ఒకటే, అది తెచ్చిన మార్పు మాత్రం ఒకటి కాదని ఆమె గమనించారు. న్యూ ఇంగ్లండ్ వృద్ధుల్లో చాలామందికి అప్పటికే ప్రైవేటు బీమా ఉంది; దక్షిణాదిలో అది కొద్దిమందికే. మెడికేరే కారణమైతే, బీమా తక్కువగా ఉన్నచోట ఆసుపత్రులు ఎక్కువగా పెరగాలి. ఎంత సూటి ఆలోచన!

దక్షిణాది ఎలాగూ ఎదుగుతోంది కదా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అందుకే ఆమె అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ ఏటేటా సేకరించిన లెక్కలు పట్టుకుని 1948 దాకా వెనక్కి వెళ్లారు. చట్టానికి ముందు ప్రాంతాల మధ్య తేడా ఎలా నడిచిందో, తర్వాత ఎక్కడ మలుపు తిరిగిందో ఏడాది వారీగా చూపారు. ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ ఓపికే. అయితే దక్షిణాదిలో మెడికేర్ సొమ్ము కావాలంటే ఆసుపత్రులు వర్ణ వివక్ష మానుకోవాల్సి వచ్చింది కాబట్టి, అక్కడి మలుపులో కొంత దానిదీ కావచ్చని పాఠకుడు గుర్తుంచుకోవాలి.

మెడికేర్ వల్ల మొదటి అయిదేళ్లలో అన్ని వయసులవారి ఆసుపత్రి ఖర్చు 37 శాతం పెరిగిందని ఆమె అంచనా. విడివిడి మనుషులకు బీమా ఇచ్చి చూసిన ర్యాండ్ ప్రయోగం లాంటివాటిని బట్టి ఊహించగలిగిన దానికి ఇది ఆరు రెట్లకు పైనే. ఎందుకింత తేడా? ఊళ్లో ఒక్కరు కారు కొంటే పెట్రోలు బంకు రాదు, ఊరంతా కొంటే వస్తుంది. కొత్త ఆసుపత్రి కట్టాలన్నా, గుండె జబ్బుల విభాగం తెరవాలన్నా ముందే పెద్ద పెట్టుబడి కావాలి. గిరాకీ మొత్తంగా మారితేనే యాజమాన్యం దానికి సిద్ధపడుతుంది. ఒకసారి కట్టాక అందులో కుర్రవాళ్లూ చేరతారు.

ఇంత చెప్పీ ఈ వివరణకు తన ఆధారాలను ఆమె సూచనలుగానే చూపారు, ఎక్కడా మితిమీరలేదు. రాబిన్ మెక్‌నైట్‌తో కలిసి రాసిన మరో వ్యాసంలో, మొదటి పదేళ్లలో వృద్ధుల మరణాల్లో మెడికేర్ వల్ల చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదని కూడా నిజాయతీగా నమోదు చేశారు. చేతి ఖర్చు భారం ఎక్కువగా ఉన్నవారికి మాత్రం ఎంతో ఊరట దొరికింది.

ఇలాంటి కొలత మన దగ్గరా సాధ్యమే. మన ప్రభుత్వ వైద్య బీమా పథకం ఆరోగ్యశ్రీ 2007లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై విడతలుగా విస్తరించింది; కాబట్టి ముందు వచ్చిన జిల్లాలను తర్వాత వచ్చినవాటితో పోల్చొచ్చు. అయితే రోగులు హైదరాబాద్ బస్సెక్కుతారు కాబట్టి జిల్లాలను పోల్చితే చాలదు; రోగి ఏ ఊరి నుంచి ఏ ఆసుపత్రికి వెళ్లాడో కూడా చూడాలి. అర్థశాస్త్రం చదివే మన పిల్లలు ఫింకెల్‌స్టైన్ 2007 వ్యాసాన్ని ముందు పెట్టుకుని ఆరోగ్యశ్రీ లెక్కలు బయటికి తీయాలి.