డోలు ఆగస్టు 15కేనా?

మన ఏజెన్సీ బళ్ళలో పాట లేదని ఎవరూ అనలేరు. ఆగస్టు 9న ఉంటుంది. ఆగస్టు 15న, జనవరి 26న ఉంటుంది. పెద్ద సారు తనిఖీకి వస్తున్నారంటే తప్పకుండా ఉంటుంది. ఆ రోజుల్లో ఊళ్ళోంచి డోలు వస్తుంది, కొమ్ముల తలపాగాలు వస్తాయి, పిల్లలు వరుసలో నిలబడతారు, ఫొటోలు దిగుతాయి. మర్నాడు అదే పిల్లవాడు బల్ల మీద వేళ్ళతో దరువు వేస్తే మాత్రం "ఏంట్రా ఆ గోల" అన్న మాట వినబడుతుంది. మిగతా రోజుల్లో తరగతి గదిలో పాటకు చోటెందుకు లేదు? ఉన్నచోట అది ఏ రూపంలో ఉంది? ఆదివాసీ టీచర్లుగా మేము ఇక్కడ అడగదలచుకున్నవి ఈ రెండు ప్రశ్నలు.

కాగితాల మీద మాత్రం లోటేమీ లేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సంగీతం, నృత్యం, దృశ్యకళలు, నాటకం నాలుగూ బడిలో అన్ని దశల్లోనూ ఉండాలని చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం సాధ్యమైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధన జరగాలంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం 5వ తరగతి దాకా ఇంటిభాష, అన్ని సబ్జెక్టుల్లోనూ కళలతో కలిపిన బోధన అని మళ్ళీ చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లో సహపాఠ్య విషయాల కింద కళలు, సాంస్కృతిక విద్యకు గ్రేడు కూడా ఇస్తున్నారు.

ఆ గ్రేడు ఎలా పడుతుందో టీచర్లందరికీ తెలుసు. పాట పాడించి గ్రేడు వేసేవాళ్ళు కొందరే. ఎక్కువచోట్ల రిజిస్టరు నిండడానికి గ్రేడు పడుతుంది. చట్టంలోనే చూడండి. 6 నుంచి 8 తరగతుల్లో 100 మందికి పైగా పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని షెడ్యూలులో ఉంది. 1 నుంచి 5 తరగతులకు ఆ మాటే లేదు. పాట అవసరం అందరికన్నా ఎక్కువగా ఉన్న పసిపిల్లల దగ్గరే పాట నేర్పే మనిషి అక్కర్లేదన్నట్టుంది ఆ లెక్క.

ఇక బడిలో ఇప్పుడు వినిపించే పాటలు చూద్దాం. అవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది ఇంగ్లీషు రైమ్. ఫోనులోనో టీవీలోనో పెడతారు, పిల్లలు చేతులు తిప్పుతూ అంటారు. దీన్ని మేము తీసిపారేయడం లేదు. కొత్త భాష ధ్వనులు నాలుకకు అలవాటు కావడానికి రైమ్ పనికొస్తుంది. కానీ ఇంట్లో కోయ భాష, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు ఉన్న పిల్లకు ఆ రైమ్‌లోని ఒక్క మాటకూ అర్థం చెప్పకుండా ఏడాది గడిచిపోతుంది. చూసేవాళ్ళకు పిల్ల ఇంగ్లీషు మాట్లాడుతున్నట్టే ఉంటుంది. పిల్లకు మాత్రం అది చప్పుడే.

రెండోది సినిమా పాట. వార్షికోత్సవం వస్తే నెల ముందునుంచి దాని స్టెప్పులు నేర్పిస్తారు. పిల్లలకు సినిమా పాట ఇష్టమే, దాన్ని నిషేధించమని మేము అనడం లేదు. కానీ నెల రోజుల బడి సమయం ఇంట్లో టీవీ ఎలాగూ నేర్పేదానికే ఇస్తే, టీవీ ఎప్పటికీ నేర్పని దానికి సమయం ఎక్కడినుంచి వస్తుంది?

మూడోది అందరికన్నా మనం జాగ్రత్తగా చూడాల్సింది. దాని పేరు "గిరిజన నృత్యం". అద్దె దుస్తులు, అట్టముక్కల ఈకలు, ఎవరో కట్టిన తెలుగు పాట, అందులో అడవి, వెన్నెల, అమాయకపు మనుషులు. కోయ కొమ్ముల ఆటా, అరకు లోయ థింసా, ఆదిలాబాద్ గుస్సాడీ అన్నీ ఒకే గంపలో పడతాయి. థింసాలోనే ఎన్ని రకాల అడుగులున్నాయో, ఏ అడుగు ఏ సందర్భానిదో ఎవరూ అడగరు. గుస్సాడీ అయితే మరీ దారుణం. అది గోండుల దండారి రోజుల దీక్ష. దీపావళికి ముందు రోజుల్లో నెమలి ఈకల టోపీ పెట్టి, ఒంటికి బూడిద రాసుకుని, దీక్ష ముగిసేదాకా స్నానం కూడా చేయకుండా నియమంగా ఉంటారు. దాన్ని జనవరిలో మూడు నిమిషాల ఐటంగా పిల్లల చేత వేయిస్తే ఆ పిల్లలు ఏం నేర్చుకుంటారు? తమ ఇంటి నియమం పరాయివాళ్ళ చప్పట్ల కోసం ఉందని నేర్చుకుంటారు. అదే దండారి రోజుల్లో పిల్లలు బడికి రాకపోతే మాత్రం గైర్హాజరు పడుతుంది. ఆటను స్టేజీ ఎక్కించిన బడి, ఆ ఆట పుట్టిన పండుగకు సెలవు ఇవ్వదు.

ఈ మూడు రకాల్లోనూ ఉమ్మడిగా ఒక లోపం ఉంది. పాట ఎవరికో చూపించడానికి ఉంది, పిల్లలు నేర్చుకోవడానికి లేదు. మన ఊళ్ళలో పాట అలా పుట్టలేదు. నాటు వేసేటప్పుడు పాట, పెళ్ళిలో పాట, విత్తనాల పండుగలో పాట, చావులో పాట. చూసేవాళ్ళు వేరు, ఆడేవాళ్ళు వేరు అన్న గీత అక్కడ లేదు. రేలా పాటలనే తీసుకోండి. ఒకరు కొత్త మాట ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు తెలిసిన మాటతో అందుకుంటారు. ఎత్తుకునేవారు ప్రతిసారీ ఒక్కటే మారుస్తారు. ఒక చెట్టు పేరో, ఒక ఊరి పేరో, ఒక చుట్టం పేరో. కొత్తగా చేరిన పిల్ల తెలిసిన మాట దగ్గర గొంతు కలుపుతుంది, వింటూ వింటూ కొత్త మాట పట్టుకుంటుంది. తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్ళాలని శిక్షణ కాలేజీల్లో మనకు బోధించిన సూత్రం ఇదే కదా! మన పెద్దలు దాన్ని ఏ పుస్తకమూ చదవకుండానే పాటించారు.

ఇది బడిలో ఎలా పనిచేస్తుందో కొన్ని ఉదాహరణలు చెబుతాం.

భాష దగ్గర మొదలుపెడదాం. కోయలో ఏరు అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు. గోండి పిల్లవాడు ఒకటి, రెండు లెక్కపెడితే "ఉండి, రండ్" అంటాడు. తెలుగు టీచరుకు అది "ఉండండి, రండి" అన్నట్టు వినబడి నవ్వొస్తుంది. ఆ నవ్వుకు పిల్లవాడు మళ్ళీ నోరు తెరవడు. అదే ఎత్తుకుని అందుకునే పాటలో ఒక వరసకు ఇంటి మాట, తర్వాతి వరసకు తెలుగు మాట పెడితే రెండూ పక్కపక్కన నిలబడతాయి. ఏది తప్పు, ఏది ఒప్పు అన్న పేచీ రాదు. ఇది ఇంటి మాట, అది బడి మాట అని పిల్లకే తెలుస్తుంది.

మన ఊళ్ళలో చాలా బళ్ళు ఏకోపాధ్యాయ బళ్ళే. ఒక్క గదిలో అయిదు తరగతులు. అక్కడ అయిదు తరగతులూ కలిసి చేయగలిగిన పని పాట. పది నిమిషాలు అందరూ పాడతారు. తర్వాత 1వ తరగతి పాటలోని వస్తువుల బొమ్మలు గీస్తుంది. 2వ తరగతి నల్లబల్ల మీది పాటలో తెలిసిన అక్షరాల చుట్టూ సున్నా చుడుతుంది. 3వ తరగతి మాటలు రాస్తుంది. 4, 5 తరగతులు అదే వరసలో సొంతంగా రెండు చరణాలు కట్టి రాస్తాయి. మర్నాడు ఆ కొత్త చరణాలే చిన్నపిల్లలకు పాఠం. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ప్రొజెక్టర్ అక్కర్లేదు.

లెక్కల్లో క.సా.గు. చాలామంది పిల్లలకు కొరుకుడు పడదు. తరగతిని రెండు జట్లు చేయండి. అందరూ ఒకే నడకలో లెక్కపెడతారు. ఒక జట్టు ప్రతి రెండో దెబ్బకు, ఇంకో జట్టు ప్రతి మూడో దెబ్బకు చప్పట్లు కొడుతుంది. రెండు చప్పట్లూ ఎక్కడ కలుస్తాయి? 6 దగ్గర, 12 దగ్గర, 18 దగ్గర. మొదట కలిసిన చోటు క.సా.గు. అని అప్పుడు పేరు చెప్పండి. తర్వాత మూడు, నాలుగులతో చేయించండి. డోలు మోగే ఊళ్ళో పెరిగిన పిల్లలకు ఇది చెవికే తెలిసిపోతుంది.

8వ తరగతిలో ధ్వని పాఠం ఉంది. కంపనం, పౌనఃపున్యం, కీచుదనం అని పిల్లలు బట్టీ పడతారు. ఊళ్ళో డప్పు కొట్టే తాతను ఒక పూట పిలవండి. వానాకాలం తేమకు తోలు వదులవుతుంది, మోత మందగిస్తుంది. మంట దగ్గర కాస్తే తోలు బిగుస్తుంది, మోత పైకి లేస్తుంది. ఎందుకలా అని పిల్లలనే అడగండి. తోలు మీద నాలుగు గింజలు వేసి కొడితే అవి ఎగరడం చూపించండి. పిల్లన గ్రోవి రంధ్రాలు మూసి తెరిస్తే స్వరం ఎందుకు మారిందో అడగండి. తోలు, తీగ, గాలి మూడూ మన ఇళ్ళలోనే ఉన్నాయి.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పాట పెడితే చాలు, చదువు దానంతట అదే వస్తుందని శిక్షణల్లో చెబుతుంటారు. అది నిజం కాదు. ఎక్కాలను రాగంలో పాడే పిల్లవాణ్ణి "ఏడారులు ఎంత" అని మధ్యలో అడగండి. మొదటినుంచి పాడుకుంటూ వస్తే తప్ప చెప్పలేడు. రాగం బట్టీని తియ్యగా చేసింది, లెక్కను నేర్పలేదు. అక్షరం గుర్తుపట్టడం, రాయడం, అర్థం చేసుకుని చదవడం వేరే శ్రమ. పాట ఆ శ్రమకు దారి తీయాలి, దాని బదులు కూర్చోకూడదు. పిల్లలను కాసేపు కూర్చోబెట్టడానికి మాత్రమే పాట వాడితే అది నిద్రమాత్రలాంటిదే.

పాఠం కోసం ఏ పాటనైనా తేవచ్చా? తేకూడదు. కొన్ని పాటలకు కాలం ఉంది, కొన్నిటికి చోటు ఉంది, కొన్నిటికి పాడే మనుషులు వేరుగా ఉన్నారు. గోండుల కథలను ప్రధాన్‌లు, తోటీలు పాడతారు. కోయల్లో వంశాల కథలు డోలీలు చెబుతారు. చావు పాటను తరగతిలో పాడించకూడదు. పూజలో పాటను సీజను కాని సీజనులో తీయకూడదు. ఏది తేవచ్చో, ఏది తేకూడదో చెప్పాల్సింది టీచరు కాదు, ఊరి పెద్దలు. పాడినవాళ్ళను అడగకుండా ఫోనులో రికార్డు చేసి ఊరందరికీ పంపడం కూడా మర్యాద కాదు. పిలిచిన తాతకు, అవ్వకు ఆ పూట కూలి పోతుంది. ఆ కూలి ఇవ్వాల్సిన బాధ్యత బడిది. కళ కదా, ఉచితంగా వస్తారులే అనుకోవడం మనవాళ్ళ మీద పాత అలవాటు.

టీచర్ల అభ్యంతరాలు కూడా మాకు తెలుసు. సిలబస్ అవదు అంటారు. రోజుకు పది నిమిషాల పాట వల్ల ఆగిపోయే సిలబస్ అది లేకున్నా ఆగిపోతుంది. పక్క తరగతికి గోల అంటారు. చెట్టు కిందికి వెళ్ళవచ్చు. మాకు వాళ్ళ భాష రాదు అంటారు మైదానం నుంచి వచ్చిన టీచర్లు. ఇది నిజమైన ఇబ్బందే. కానీ ఎత్తుకునేవారు టీచరే కానవసరం లేదు. 5వ తరగతి పిల్ల ఎత్తుకుంటే టీచరు పిల్లలతోపాటు అందుకోవచ్చు. బడిలో టీచరు కూడా నేర్చుకుంటారని పిల్లలు చూడడం చిన్న సంగతి కాదు. ఆశ్రమ పాఠశాలల్లో కోయ, లంబాడా, కొండరెడ్డి పిల్లలు కలిసి ఉంటారు, ఎవరి పాట పాడాలి అంటారు. వారానికి ఒకరిది. పక్కవాడి పాట నేర్చుకున్న పిల్లవాడు పక్కవాణ్ణి వెక్కిరించడం తగ్గిస్తాడు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాళ్ళ మాటలు, పాటలు, కథలు సేకరించారు. 1940లలో మార్లవాయిలో గోండు యువకులకే టీచరు శిక్షణ ఇచ్చి, గోండి వాచకాలు తయారు చేశారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో సవర, కొండ, కువి, కోయ, గోండి, కోలామి, బంజారా, ఆదివాసీ ఒరియా అనే 8 భాషల్లో ప్రాథమిక పుస్తకాలు వచ్చాయి. ప్రతిసారీ పుస్తకం వచ్చింది. కానీ ఆ భాషలో పాడగలిగిన, మాట్లాడగలిగిన టీచరు లేని బడిలో పుస్తకం అల్మారాలోనే ఉండిపోతుంది. పాటను అచ్చువేస్తే మాటలు దిగుతాయి, వరస దిగదు. వరస మనిషితోనే రావాలి.

ఆ మనుషులు వెళ్ళిపోతున్నారు. గుస్సాడీ గురువు మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. డోలు వాయిస్తూ కోయ వీరుల కథలు, సమ్మక్క సారలమ్మల కథ గానం చేసిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. ఇద్దరూ 2024లోనే కన్నుమూశారు. వాళ్ళ పేర్లు జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలుగా మన పిల్లలు చదువుతున్నారు. వాళ్ళు పాడినవి చరిత్ర పాఠంగా ఎంతమంది విన్నారు? ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు, గొట్టులు, వలస వచ్చిన దారులు అన్నీ ఆ పాటల్లో ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో మన గురించి ఉన్న ఒకటి రెండు పేరాలకన్నా అది పెద్ద చరిత్ర.

అందుకే టీచర్లను మేము అడిగేది కొద్దిగానే. టైంటేబుల్‌లో రోజుకు పది నిమిషాలు పాటకు రాసి పెట్టండి. అది ప్రార్థన సమయం కాదు, పాఠంలో భాగంగా ఉండాలి. నెలకు ఒక్కసారైనా ఊరి పెద్దను తరగతికి పిలిచి, స్కూలు గ్రాంటులోంచి ఆ పూట కూలి ఇచ్చేలా బడి యాజమాన్య కమిటీలో తీర్మానం చేయించండి. స్టేజీ మీద ఏ ఆట వేయించినా అది ఎవరిది, ఎప్పటిది, ఎందుకు ఆడతారు అన్నది ముందు తరగతిలో పాఠంగా చెప్పండి. చెప్పలేకపోతే వేయించకండి.

యువతకు ఇంకో మాట. అవ్వ పాడే పాట ఒకటి తెలుగు లిపిలో రాయండి. ఎవరు పాడారు, ఏ పనిలో పాడతారు, ఏ నెలలో పాడతారు అన్నవి కింద రాయండి. తెలియని మాటలకు అవ్వనే అర్థం అడగండి. బడిలో పాడవచ్చా అని కూడా ఆమెనే అడగండి. పాడవచ్చంటే ఆ కాగితం మీ ఊరి బడి టీచరుకు ఇవ్వండి. వరస నేర్పడానికి మీరే ఒక పూట బడికి వెళ్ళండి.