ముందు మెట్లు చూడండి

ఇంటి ప్లాను చేతికి రాగానే అందరి వేలూ హాలు మీదే పడుతుంది. ఎంత పొడవు, ఎంత వెడల్పు, సోఫా ఎటు, టీవీ ఎటు. తర్వాత బెడ్‌రూములు లెక్కపెడతారు. ఆపైన వాస్తు. మెట్ల సంగతి చివర్లో వస్తుంది, అదీ సంఖ్య బేసా సరా అన్నంతవరకే. నేను మాత్రం రెండంతస్తుల ఇంటి ప్లాను ఎవరు తెచ్చినా ముందు మెట్లే చూస్తాను. గదిని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, మధ్య గోడ తీసేసుకోవచ్చు. స్లాబుతో కలిపి పోసిన మెట్లు మాత్రం ఇల్లున్నంత కాలం అక్కడే ఉంటాయి. ఆ ఇంట్లో ముసలివాళ్లు ఎలా తిరుగుతారు, పిల్లలు చదువులకు వెళ్లిపోయాక పై అంతస్తు ఏమవుతుంది, అన్నదమ్ములు వేరు పడాల్సి వస్తే ఏం చేస్తారు, ఇవన్నీ మెట్లు ఎక్కడ పెట్టారన్న దాన్నిబట్టే ఉంటాయి.

ఈమధ్య ఖమ్మంలో మా అన్నయ్య కొడుకు రెండు ప్లాన్లు పట్టుకొచ్చాడు. స్థలం 200 గజాలు. ముందు 36 అడుగులు, లోతు 50, పడమర ముఖం. ఉండేది ఐదుగురు: మా వదిన, కొడుకు, కోడలు, ఇంటర్ చదివే మనవడు, ఎనిమిదో తరగతి మనవరాలు. వదినకు మోకాళ్ల నొప్పులు. మొదటి ప్లానులో మెట్లు హాలు మధ్యలోంచి లేస్తాయి. హాలు పై కప్పుదాకా తెరిచి ఉంటుంది, డబుల్ హైట్ అంటున్నారే, అది. రెండోదాంట్లో మెట్లు వాయవ్యంలో, సింహద్వారం పక్కనే ఉన్నాయి. బొమ్మగా చూస్తే మొదటిదే కళగా ఉంది. మావాడి మనసంతా దానిమీదే. "బాబాయ్, లోపలికి రాగానే పైదాకా కనపడితే ఆ దర్జాయే వేరు కదా" అన్నాడు.

దర్జా నిజమే. కానీ ఆ ఖాళీ కొలత 14కి 16 అడుగులు, అంటే 224 చదరపు అడుగులు. పైన ఒక పడకగదీ దానికో బాత్రూమూ పట్టే జాగా అది. కింద మాట్లాడుకునే ప్రతి మాటా, టీవీ మోతా, కుక్కర్ కూతా పైన చదువుకునే పిల్లల గదుల దాకా వెళ్తాయి. మే నెలలో వేడిగాలి పైకి లేచి పై వరండాలో నిలబడిపోతుంది, కింద ఏసీ వేస్తే చల్లబరచాల్సిన గాలి రెట్టింపవుతుంది. పెద్ద స్థలం, పెద్ద బడ్జెట్ ఉన్నవాళ్లు కట్టుకుంటే కాదనను. 200 గజాల్లో ఐదుగురికి కట్టే ఇంట్లో అంత చోటు వదులుకోవడం నాకు మనసొప్పదు.

ఇక మెట్ల లెక్క. కింది నేల నుంచి పై నేలకు 10 అడుగుల 6 అంగుళాలు అనుకుందాం, అంటే 126 అంగుళాలు. ఇళ్లలో ఒక్కో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదనీ, పాదం మోపే వెడల్పు 250కి తగ్గకూడదనీ, మెట్ల వరుస వెడల్పు కనీసం ఒక మీటరు ఉండాలనీ నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. రెండు మెట్ల ఎత్తూ ఒక మెట్టు వెడల్పూ కలిపితే 24 అంగుళాలు రావాలన్న సూత్రం 17వ శతాబ్దంలో ఫ్రాన్సు వాస్తుశిల్పి బ్లోండెల్ చెప్పినది. మనిషి నడకలో అడుగు పొడవుని బట్టి కట్టిన లెక్క కాబట్టి ఇవాళ్టికీ పనిచేస్తోంది. 7 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల వెడల్పు పెడితే సరిగ్గా ఆ 24 వస్తుంది.

అలా పెడితే 18 ఎత్తులు అవుతాయి. సరి సంఖ్య మనవాళ్లకు పనికిరాదు. అప్పుడు చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, చివర్లో ఒక మెట్టును రెండుగా చీలుస్తారు, లేదా మొదటి మెట్టును నేలతో సర్దేస్తారు. ఆ ఒక్క మెట్టూ మిగతావాటితో ఎత్తు కలవదు. మెట్లు దిగేటప్పుడు మనం కళ్లతో కాదు, కాళ్లతో లెక్కపెట్టుకుంటాం. ఎత్తు మారిన చోటే కాలు తడబడుతుంది. బేసి కావాలంటే 126ని 19తో సమంగా భాగించండి. ఒక్కోటి 6.6 అంగుళాలు వస్తుంది, నమ్మకమూ నిలుస్తుంది, వదిన మోకాళ్లకూ సుఖం. కాకపోతే చోటు కొంచెం ఎక్కువ తీసుకుంటుంది. మూడున్నర అడుగుల వెడల్పున రెండు వరుసలు, మధ్యలో మలుపు, కిందా పైనా నిలబడే జాగా, అంతా కలిపి సుమారు 7కి 14½ అడుగులు. ప్లానులో మెట్లకు 6కి 10 అని రాసి ఉంటే అక్కడ ఆగి అడగండి. 3 అడుగుల మలుపు పోను 7 అడుగులే మిగులుతుంది, అందులో తొమ్మిది మెట్లు పట్టాలంటే పాదం మోపే చోటు 9 అంగుళాల దాకా దిగుతుంది, ఎక్కే ముందు నిలబడే జాగా హాల్లోంచి తీసుకోవాలి. పైగా బీరువా ఉంది. ఆరడుగుల ఇనప బీరువా ఆ మలుపులో తిరగకపోతే తాళ్లు కట్టి బాల్కనీ మీంచి లాగాల్సిందే.

మెట్ల కింద బాత్రూము కూడా మన ఊళ్ల ప్లానుల్లో తరచూ కనిపిస్తుంది. వదిన కోసమని రెండో ప్లానులో గీసింది అదే. మలుపు దగ్గర ఎత్తు పది మెట్లు, అంటే ఐదున్నర అడుగులు. అందులోంచి పలక మందం ఆరంగుళాలు తీసేయండి. ఐదడుగుల కింద పెద్దమనిషి వంగి స్నానం చేయాలా? కాగితం మీద అది చక్కటి గదిలాగే ఉంటుంది, ఎందుకంటే ప్లానులో ఎత్తు కనపడదు. అందుకే మెట్ల దగ్గర నిలువు కోత బొమ్మ, సెక్షన్ అంటారు, అది అడిగి తీసుకోవాలి. అక్కడ ఇన్వర్టరూ, చెప్పులూ, నీళ్ల మోటారు స్విచ్చూ పెట్టుకోవచ్చు. బాత్రూము కుదరదు.

వదిన గదిని కిందే, నైరుతిలో వేశారు. అది బాగుంది. దానికి ఆనుకుని సొంత బాత్రూము కావాలని పట్టుబట్టాను, తలుపు మూడడుగులు ఉండాలని కూడా. రెండున్నర అడుగుల తలుపులో చట్రం పోను చక్రాల కుర్చీ దూరడం కష్టం. ఆ మాట వదిన ముందు ఎలా అనాలా అని నేను నసుగుతుంటే ఆవిడే అంది, "ఏం పర్లేదయ్యా, ఇవాళ నడుస్తున్నా, రేపు చెప్పలేం, పెద్ద తలుపే పెట్టించు." ఆ తర్వాత ఆవిడ వేసిన ప్రశ్న నన్నూ ఆలోచనలో పడేసింది: వడియాలు ఎక్కడ ఎండబెట్టుకోవాలి? డాబా రెండంతస్తుల పైన ఉంది, పెట్టేది ఆవిడ. వెనక తూర్పున నాలుగడుగులు వెడల్పు పెంచి ఎండ పడే అరుగు ఒకటి గీయించాం. కోడలికీ అలాంటి తిప్పలే ఉన్నాయి. వాషింగ్ మెషీను కింద, బట్టలు ఆరేసేది డాబా మీద. తడి బట్టల బక్కెట్టు రోజూ అన్ని మెట్లు ఎక్కాలి. మెషీను పై అంతస్తు బాల్కనీకి మార్చాం, ఐదుగురి బట్టల్లో నలుగురివి అక్కడివే కదా.

పడమర ముఖం అనగానే సాయంత్రపు ఎండ గుర్తుకు రావాలి. పడమటి గోడ మధ్యాహ్నం నుంచి వేడెక్కి, రాత్రి పడుకునే వేళకు ఆ వేడిని లోపలికి వదులుతుంది. పై అంతస్తుకు నెత్తిన స్లాబు వేడి కూడా తోడు. అందుకే పడమర పక్కన మెట్లు, బాత్రూములు, గోడ అల్మారాలు పెట్టి, పడకలను వాటి వెనక్కి జరపడం నాకిష్టం. రెండో ప్లానులో వాయవ్యం మెట్లు ఆ పని చేస్తున్నాయి. వాస్తు చూసే పెద్దాయనకూ అభ్యంతరం లేకపోయింది.

అన్నిటికంటే నేను ఎక్కువసేపు మాట్లాడింది మెట్ల దగ్గరి తలుపుల గురించి. పిల్లవాడు రెండేళ్లలో ఇంజినీరింగుకు వెళ్తాడు. మరి కొన్నేళ్లకు అమ్మాయీ వెళ్తుంది. ఆ తర్వాత వాళ్లు హైదరాబాదులో ఉంటారో, డాలస్‌లో ఉంటారో ఎవరికి తెలుసు? పై అంతస్తు ఖాళీ అవుతుంది. హాలు మధ్యలోంచి మెట్లు లేస్తే అది ఖాళీగానే ఉండిపోతుంది. ఏ అద్దెవాళ్లూ మన సోఫాల మధ్యలోంచి నడిచి వెళ్లరు. దుమ్ము పట్టిన పై గదులకు తాళాలు వేసుకుని కింద ఇద్దరే బతుకుతున్న ఇళ్లు మా వీధిలోనే ఎన్నో. అదే, మెట్ల మొదట్లో చిన్న ముంగిలి వదిలి, ఒక తలుపు హాల్లోకీ ఇంకొకటి పోర్టికోలోకీ పెడితే, ఇవాళ హాలు తలుపు తీసి అంతా ఒక్క ఇల్లుగా ఉంటారు. రేపు ఆ తలుపు మూసి పైభాగం అద్దెకిస్తారు. ఎల్లుండి కొడుకు కాపురం పైన, తల్లిదండ్రులు కింద, ఎవరి పొయ్యి వాళ్లది, ఎవరి గుమ్మం వాళ్లది. విడిగా ఉన్నా ఒకే కప్పు కింద ఉంటారు. దీనికోసం ఇప్పుడు చేయాల్సింది చాలా కొద్ది: పైన ఒక గదికి వంటింటికి సరిపడా నీళ్ల పైపూ, మురుగు పైపూ గోడలోంచి తెచ్చి మూత బిగించి ఉంచడం, రెండో కరెంటు మీటరుకు చోటు, పైపులన్నీ ఒకే నిలువు డక్టులో వచ్చేలా కింది బాత్రూము మీదే పై బాత్రూము. తర్వాత చేయాలంటే టైల్స్ పగలగొట్టాలి, మనసులూ కష్టపెట్టుకోవాలి.

తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టంతో, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వచ్చే పద్ధతి మొదలైంది. మంచి సౌకర్యమే. కానీ రోడ్డు వెడల్పు, వదలాల్సిన ఖాళీ, ఎత్తు సరిపోతే అనుమతి వస్తుంది. తలుపు ఎటు తెరుచుకుంటుందో, అర్ధరాత్రి ముసలావిడ ఎన్ని అడుగులు నడవాలో మనమే చూసుకోవాలి.

మావాడు చివరికి రెండో ప్లానుకు ఒప్పుకున్నాడు, మార్పులతో. మెట్లు మూడున్నర అడుగులకు వెడల్పయ్యాయి, మెట్ల కింది బాత్రూము పోయింది, ముంగిలికి రెండు తలుపులు వచ్చాయి. ముగ్గు పోసిన రోజు గదులన్నీ చిన్నగా ఉన్నాయని కంగారుపడతారని ముందే చెప్పాను, ఆరుబయట గీత ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది. ఆ మాట వినగానే మేస్త్రీని రేపే పిలుస్తానన్నాడు. పిలవొద్దన్నాను. మెట్ల పెట్టె అడుగున్నర పక్కకు జరిగింది కాబట్టి రెండు పిల్లర్లు కదిలాయి, వాటి మీది బీములూ మారాయి. స్ట్రక్చరల్ ఇంజనీరు ఆ కాగితాలు మళ్లీ గీసి సంతకం పెట్టేదాకా పునాది గోతులు తవ్వడానికి వీల్లేదు.