బైజాంటైన్ గ్రీకు గ్రంథాల పరిష్కర్తలు: వారి విద్య, దాని విలువ

క్రీ.శ. 4వ శతాబ్ది నుంచి 1453లో కాన్‌స్టాంటినోపుల్ తుర్కుల వశమయ్యే వరకు తూర్పు రోమన్ సామ్రాజ్యంలో, అంటే తరువాతి చరిత్రకారులు బైజాంటైన్ అని పేరు పెట్టిన రాజ్యంలో, గ్రీకు భాషలో వెలసిన కావ్యాలు, చరిత్రలు, నిఘంటువులు, స్తోత్రాలు నేడు చదువదగిన రూపంలో ఉన్నాయంటే ఆ ఘనత పరిష్కర్తలది. చెల్లాచెదురైన వ్రాతప్రతులను వెదకి, ఒకదానితో ఒకటి సరిపోల్చి, వ్రాయసకాండ్ర పొరపాట్లను ఏరివేసి, గ్రంథకర్త రాసిన మాటకు వీలైనంత చేరువగా పాఠాన్ని నిలబెట్టే ఈ పరిష్కరణ విద్య మానవ పాండిత్యం సాధించిన అత్యున్నత కళలలో ఒకటి. ఇంత శ్రమకు ఇంత తక్కువ కీర్తి దక్కిన విద్య మరొకటి అరుదు.

అలెగ్జాండ్రియా పండితుల నుంచి ఈ విద్యను అందుకొని కాపాడినవారు బైజాంటైన్ పండితులే. 9వ శతాబ్దిలో కాన్‌స్టాంటినోపుల్ పాత్రియార్క్‌గా, అంటే ప్రధాన మతాచార్యుడుగా ఉన్న ఫోటియస్ తాను చదివిన గ్రంథాలను 280 అధ్యాయాలలో సంగ్రహించి విమర్శించాడు; వాటిలో దాదాపు సగం నేడు పూర్ణరూపంలో లేవు. పారశీక రాజాస్థానంలో వైద్యుడుగా ఉన్న క్తేసియస్ భారతదేశాన్ని గురించి రాసిన గ్రంథం ఎలాంటిదో తెలియడానికి నేటికీ ఫోటియస్ సంగ్రహమే ప్రధానాధారం. ఫోటియస్ తరువాతి తరానికి చెందిన అరేథస్ 888లో యూక్లిడ్‌ను, 895లో ప్లేటోను నకలు రాయించుకున్నాడు. ప్లేటో ప్రతికి రాతకూలి 13 బంగారు నాణేలు, చర్మపత్రాలకు 8 నాణేలు అయినట్లు ఆ ప్రతిలోనే రాసి ఉంది. 14వ శతాబ్ది ఆరంభంలో థెస్సలొనీకాలో జీవించిన త్రిక్లీనియస్ మరింత మెచ్చదగినవాడు. విషాదనాటకాల బృందగానాలలో ఒక చరణానికి దాని ప్రతిచరణం గురులఘు క్రమంలో సరితూగాలన్న సూత్రాన్ని, లోకం మరచిపోయిన తరువాత, ప్రాచీన ఛందోగ్రంథాల ఆధారంతో తిరిగి పట్టుకొని, ఆ కొలతతో చెడిన పాఠాలను దిద్దాడు. ఆ దిద్దుబాట్లలో కొన్ని నేటి ముద్రణలలోనూ నిలిచే ఉన్నాయి.

పరిష్కర్త పని వ్రాయసకాడి తప్పును అర్థం చేసుకోవడంతో మొదలవుతుంది. మధ్యయుగ గ్రీకు ఉచ్చారణలో పూర్వం వేరువేరుగా పలికిన అనేక అచ్చులు 'ఇ'కారంగా కలిసిపోయాయి కనుక, మనసులో పలుకుకుంటూ రాసేవాడు 'మీరు' ఉన్న చోట 'మేము' అని రాయడం నిత్యం జరిగేది. ఒకే మాటతో ముగిసే రెండు పంక్తుల మధ్య చూపు జారి నడిమి వాక్యం ఎగిరిపోవడం కూడా అంతే సహజం. ఈ తప్పులే పరిష్కర్తకు సాక్షులు. సరైన పాఠం ఏ ప్రతిలోనైనా ఉండవచ్చు కనుక అది రెండు ప్రతుల చుట్టరికాన్ని రుజువు చేయదు. విడివిడిగా జరగడానికి వీలులేని ఒకే తప్పు రెండింటిలోనూ ఉంటే అవి ఒకే తల్లిప్రతి బిడ్డలని తేలుతుంది. అలా ప్రతులకు వంశవృక్షం గీసి, లభ్యమైన ప్రతికి కేవలం నకలుగా తేలినదాన్ని పక్కన పెట్టి, మిగిలినవాటి పాఠాంతరాలను తూచి, స్వీకరించని పాఠాలను పుట అడుగున సూచికగా ఇస్తారు. ఆ సూచికే పరిష్కర్త నిజాయితీకి హామీ, ఎందుకంటే అతని తీర్పుతో విభేదించే పాఠకునికి కావలసిన సాక్ష్యమంతా అక్కడ ఉంటుంది. ఈ తర్కాన్ని 1927లో ఒక చిన్న పుస్తకంలో సూత్రప్రాయంగా బిగించి చెప్పినవాడు పాల్ మాస్. నాజీల పాలనలో ఉద్యోగం కోల్పోయి 1939లో ఆక్స్‌ఫర్డ్ చేరిన ఆ మహాపండితుడు, 6వ శతాబ్ది స్తోత్రకవి రోమనోస్ రచనలను త్రిపానిస్‌తో కలిసి 1963లో వెలువరించాడు.

కార్ల్ డి బోర్ 1883-85లో ప్రకటించిన, బైజాంటైన్ చరిత్రకారుడు థియోఫనీస్ రాసిన చరిత్రను చూసినవారికి ఈ కళ ఎంత ఎత్తుకు పోగలదో తెలుస్తుంది. 9వ శతాబ్దిలోనే జరిగిన లాటిన్ అనువాదాన్ని సైతం సాక్షిగా నిలిపి, అనువాదకుడు చూసిన గ్రీకు మాట ఏమై ఉంటుందో ఊహించి, దానితో గ్రీకు ప్రతులను పరీక్షించిన ఓర్పు సామాన్యమైనది కాదు. దానికి దీటుగా నిలిచేది డెన్మార్క్ విదుషి అడా అడ్లర్ కృషి. సుమారు 30,000 ఆరోపాలు, అంటే శీర్షపదాలు, ఉన్న 10వ శతాబ్ది 'సూడా' నిఘంటువును ఆమె 1928-38 మధ్య అయిదు సంపుటాలుగా పరిష్కరించి, ఏ ఆరోపం ఏ పూర్వగ్రంథం నుంచి వచ్చిందో అంచులో గుర్తించింది. విశ్వవిద్యాలయ ఆచార్య పీఠం లేని ఒక స్త్రీ చేసిన ఆ పనిని దాటిన సూడా ముద్రణ ఇప్పటికీ రాలేదు.

పరిష్కర్తకు చెవి కూడా కావాలి. బైజాంటైన్ గద్యంలో వాక్యఖండం చివర ఊనిక పడే రెండు అక్షరాల మధ్య ఊనిక లేని అక్షరాలు కనీసం రెండు ఉండాలన్న నియమాన్ని విల్హెల్మ్ మేయర్ 1891లో వెల్లడించాడు. ఈ లయ తెలిసినవాడు రెండు పాఠాంతరాల మధ్య తీర్పు చెప్పగలడు, తెలియనివాడు విరామచిహ్నాలను కూడా తప్పుచోట పెడతాడు. పద్యంలో ఈ లయవిద్యకు పరాకాష్ఠ 5వ శతాబ్దిలో ఈజిప్టుకు చెందిన నోనస్ రచించిన 'డయొనీసియాకా' కావ్యం. 48 సర్గల ఈ కావ్యంలో డయొనైసస్ దేవుడు భారతదేశం మీదికి దండెత్తి, జీలం నదీతీరాన దేరియాదీస్ అనే రాజుతో పోరాడతాడు. ఆరు గణాల గ్రీకు పాదంలో మొదటి అయిదు చోట్ల ఒక్కొక్కదానిలో భగణమో రెండు గురువులో రావచ్చు కనుక 32 అమరికలు సాధ్యమవుతాయి. హోమర్ అన్నింటినీ వాడగా నోనస్ తొమ్మిదింటితోనే ఇరవై వేల పైచిలుకు పాదాలను నడిపించాడు. గురులఘు భేదం వాడుక భాషలో అప్పటికే చెరిగిపోయినందున, ఛందస్సును శాస్త్రానికి, పాదాంతపు ఊనికను శ్రోత చెవికి ఏకకాలంలో అనుకూలింపజేసిన ఘనుడతడు. ఈ కావ్యాన్ని ఫ్రాన్సిస్ వియాన్ తన సహచరులతో కలిసి 1976 నుంచి 2006 వరకు ముప్ఫై ఏళ్లలో పద్దెనిమిది సంపుటాలుగా పరిష్కరించాడు.

భారతీయ కథలు గ్రీకు వేషం వేసుకున్న చోట కూడా ఈ కృషి కనిపిస్తుంది. బోధిసత్వుని వృత్తాంతం అరబిక్, జార్జియన్ భాషల మీదుగా ప్రయాణించి 'బర్లామ్, యోసాఫ్' అనే క్రైస్తవ కథగా గ్రీకులో వెలసింది. చిరకాలం జాన్ డమాస్కీన్ పేరుతో చలామణి అయిన ఆ గ్రంథం ఆథోస్ పర్వతపు సన్యాసి యూథీమియస్ రచన అని రాబర్ట్ వోల్క్ ప్రతులన్నింటినీ గాలించి 2006, 2009 సంవత్సరాలలో వెలువరించిన సంపుటాలలో వాదించాడు. 'నీతిచంద్రిక' చదివిన తెలుగువారు ఎరిగిన కరటక దమనకులు కూడా 11వ శతాబ్దిలో సిమియోన్ సేత్ అరబిక్ నుంచి చేసిన అనువాదంతో గ్రీకులో ప్రవేశించారు.

ఇంతటి సంపద మీద పడిన నింద తక్కువది కాదు. గిబ్బన్ 1776-88 మధ్య ప్రకటించిన మహాచరిత్రలో వెయ్యేళ్ల గ్రీకు నాగరికతను సుదీర్ఘ క్షయంగా చిత్రించాడు. అతని వాక్యశైలికి మురిసినవారు ఆ తీర్పును పరీక్షించకుండానే తలదాల్చారు. 1828లో నీబూర్ సదుద్దేశంతో ప్రారంభించిన బాన్ గ్రంథమాలలో అనేక సంపుటాలు ప్రతులను చూడకుండా పాత ముద్రణలనే తిరగవేసిన తొందరపాటు పనులు. ఘోరమేమిటంటే, హక్కులు తీరిపోయాయన్న ఒకే కారణంతో నేటి వ్యాపారులు కొత్త అట్ట వేసి అమ్ముతున్నవీ, యంత్రం అక్షరాలను తప్పుగా గుర్తించి వెదజల్లుతున్నవీ ఆ నాసిరకపు పాఠాలే. పాఠాంతర సూచికను కోసివేసిన నకలు చదివేవారికి పక్క ప్రతిలో వేరే మాట ఉందన్న సంగతే తెలియదు. బైజాంటైన్ చరిత్రకారుడు ప్రొకోపియస్ రాసిన యుద్ధచరిత్ర ఎనిమిది భాగాలనూ తెరవకుండా, రాణి థియొడొరాను దూషించే 'రహస్య చరిత్ర' ఒక్కదాన్నే పట్టుకొని కాలక్షేపపు పుస్తకాలు రాయడం చరిత్రకు చేసే ద్రోహం.

ఒక గ్రంథ పరిష్కరణకు ఇరవై ఏళ్లు పడితే, ఏడాదికి ఇన్ని వ్యాసాలని లెక్కగట్టే విద్యాలయాలలో ఆ పనికి ఎవరు పూనుకుంటారు? గ్రీకు నేర్పే ఆచార్య పదవులు యూరప్‌లోనూ అమెరికాలోనూ చాలా చోట్ల తగ్గుతూ వస్తున్నాయి. ఇలాంటి వేళ తెలుగుదేశపు ప్రాచ్యభాషా విద్యార్థులు ముందుకు రావాలి. గణవిభజన చేతనైనవారికి నోనస్ పాదం త్వరగా చెవికెక్కుతుంది, తాళపత్రాల పాఠాంతరాలతో పరిచయమున్నవారికి మాస్ తర్కం కొత్తగా తోచదు. తెలుగు విశ్వవిద్యాలయాలలో ఒక్కటైనా సంస్కృత శాఖకు అనుబంధంగా గ్రీకు బోధనను నెలకొల్పి, బోధిసత్వుని ఆ గ్రీకు కథను ఇంగ్లీషు మీదుగా కాక వోల్క్ నిలబెట్టిన పాఠం నుంచే తెలుగులోకి తెప్పించాలి, పుట అడుగున ఉన్న పాఠాంతరాలతో సహా.